ఎత్తైన కొండల నడకలో జబ్బుపడితే: కర్నూలు, అనంతపురం, కడపల నుంచి హిమాలయాలకు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి దగ్గరపడగానే కర్నూలులోని మా ఉదయపు నడక బృందానికి ఫోన్లు మొదలవుతాయి. కేదార్‌నాథ్ బయలుదేరుతున్న దంపతులు, అమర్‌నాథ్ యాత్రకు పేరు నమోదు చేసుకున్నవారు, లద్దాఖ్ చూడాలని ఉబలాటపడే ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా ఒక్కసారైనా నడవాలని ఏళ్లుగా అనుకుంటున్న నడివయసువారు అడుగుతుంటారు. నంద్యాల, అనంతపురం, కడపల నుంచి కూడా ఫోన్లు వస్తాయి. ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. మా అనుభవం, చదివి తెలుసుకున్నది కలిపి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మేము డాక్టర్లం కాము. మందుల ప్రస్తావన వచ్చిన చోటల్లా ముందు మీ డాక్టరును అడగండి.

అసలు ఈ ఎత్తు జబ్బు ఎందుకు వస్తుంది? పైన ఆక్సిజన్ ఉండదా?

ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ వాటా కర్నూలులోనూ, ఎవరెస్ట్ మీదా ఒకటే, సుమారు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. లద్దాఖ్‌లోని లేహ్ ఎత్తులో, అంటే 3,500 మీటర్ల దగ్గర, సముద్రమట్టంలో ఉండే ఒత్తిడిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. 5,500 మీటర్ల దగ్గర సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు: శ్వాస వేగం పెంచుకుంటుంది, మూత్రం ఎక్కువగా పోయిస్తుంది, రోజులు గడిచేకొద్దీ రక్తాన్ని చిక్కబరుచుకుంటుంది. కానీ అందుకు దానికి రోజులు కావాలి. ఆ రోజులు ఇవ్వకుండా ఎక్కితే వచ్చేదే ఎత్తు జబ్బు.

మన కొండల మీద ఎప్పుడూ రాలేదే. ఎంత ఎత్తు నుంచి జాగ్రత్తపడాలి?

సాధారణంగా 2,500 మీటర్లు దాటాక. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు, హార్స్‌లీ హిల్స్ సుమారు 1,300. మన ఊళ్లు మూడూ 400 మీటర్లకు లోపు ఉన్నాయి. అందుకే ఈ జబ్బు మన పెద్దవాళ్ల మాటల్లో లేదు. మోకాళ్ల నొప్పి తెలుసు, వడదెబ్బ తెలుసు, ఇది తెలియదు. తెలియని జబ్బు కాబట్టే దాన్ని చూసినా గుర్తుపట్టలేకపోతాం.

రోజూ పది కిలోమీటర్లు నడుస్తాను. గుత్తి కోట ఆగకుండా ఎక్కుతాను. నాకెందుకు వస్తుంది?

మా బృందంలో అందరికీ ఉన్న భ్రమ ఇదే. నాకూ ఉండేది. నడక సాధన వల్ల కాళ్లు బలపడతాయి, ఆయాసం తగ్గుతుంది, నడక ఆనందంగా ఉంటుంది. కాబట్టి గుత్తి కోట ఎక్కండి, ఎగువ అహోబిలం మీదుగా ఉగ్రస్తంభం దాకా వెళ్లండి, పెనుకొండ కొండ ఎక్కండి. కానీ ఎత్తు జబ్బుకూ కాళ్ల బలానికీ సంబంధం లేదు. ఇరవై ఏళ్ల క్రీడాకారుడికి రావచ్చు, పక్కనే మెల్లగా నడిచే అరవై ఏళ్ల అమ్మకు రాకపోవచ్చు. నిజానికి బలంగా ఉన్నవారికే ముప్పు ఎక్కువ అనిపిస్తుంది నాకు. వాళ్లు వేగంగా ఎక్కేస్తారు, తలనొప్పి వచ్చినా లెక్కచేయరు.

తలనొప్పి వచ్చింది. ఎండదా, జలుబుదా, ఎత్తుదా అని ఎలా తెలుస్తుంది?

2,500 మీటర్లు దాటాక, కొత్త ఎత్తుకు చేరిన మొదటి ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి వచ్చి, దానితో పాటు వికారం, తిండి సహించకపోవడం, బాగా నీరసం, కళ్లు తిరగడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, వేరే కారణం రుజువయ్యేదాకా దాన్ని ఎత్తు జబ్బుగానే చూడాలి. నీళ్లు తాగి విశ్రాంతి తీసుకోండి. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. అదే ఎత్తులో ఉండండి, ఇంకా పైకి వెళ్లకండి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, ముదురుతున్నా దిగాలి.

‘నిన్న తిన్నది పడలేదు’, ‘రాత్రి నిద్రపట్టలేదు’, ‘ప్రయాణం బడలిక’ అనే మాటలు ఆ ఎత్తులో ఎవరు అన్నా నేను నమ్మను. ఎందుకో కింద చెబుతాను.

రాత్రి నిద్రలో శ్వాస ఆగి, మళ్లీ ఎగబీల్చినట్టు వస్తోంది. ప్రమాదమా?

దానికదే ప్రమాదం కాదు. ఎత్తులో చాలామందికి నిద్రలో శ్వాస కొన్ని సెకన్లు ఆగి, తర్వాత వరుసగా గట్టిగా వస్తుంది. పక్కన పడుకున్నవారికి భయం వేస్తుంది. మెలకువలో, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం ఉంటే మాత్రం అది వేరే సంగతి.

ప్రాణం మీదికి వచ్చే లక్షణాలు ఏమిటి?

రెండు రకాలు. మొదటిది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కొత్త ఎత్తుకు వెళ్లాక రెండో రాత్రి ఎక్కువగా బయటపడుతుంది. నిన్న కలిసి నడిచిన మనిషి ఈరోజు అందరికంటే వెనకబడిపోతాడు. తర్వాత కూర్చున్నా ఆయాసమే. పొడి దగ్గు మొదలై, ముదిరితే నురగతో, గులాబీ రంగు కళ్లె పడుతుంది. పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. దీనికి ముందు తలనొప్పి ఉండాలని ఏమీ లేదు.

రెండోది మెదడు వాపు. దీన్ని నేను నా కళ్లతో చూశాను.

ఏప్రిల్ నెలలో ఏడుగురం ఎవరెస్ట్ బేస్ క్యాంపు నడకకు వెళ్లాం. దారిలోని ఊళ్ల ఎత్తులు ఇవి: లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, డింగ్‌బోచే 4,410, లోబుచే 4,940. నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఆగడం అక్కడి పద్ధతి. మేము కుదుర్చుకున్న సంస్థ ధర తగ్గించడానికి డింగ్‌బోచేలో ఒక రాత్రి కోసేసింది. మేమూ సంతోషించాం, ఒకరోజు సెలవు మిగిలిందని. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మా బృందంలో ఒకాయనను అందరం మామ అని పిలుస్తాం. లోబుచే బసలో సాయంత్రం ఆయన బల్ల మీద కూర్చుని కుడి బూటు తాడు పట్టుకొని ఉన్నారు. కాసేపటికి చూస్తే ఇంకా అలాగే ఉన్నారు. ముడి విప్పడం లేదు, వేయడం లేదు. రెండు వేళ్ల మధ్య తాడు కొస పట్టుకొని దాన్నే చూస్తున్నారు. “ఏమైంది మామా?” అన్నాను. “ఏమీ లేదు అల్లుడూ, చలికి వేళ్లు మొద్దుబారాయి” అన్నారు. మాట కాస్త తడబడింది.

మా గైడు వెంటనే ఆయనను లేపి, నేల మీది చెక్కపలక అంచు చూపించి, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేలు ఆనించి నడవమన్నాడు. మామది కేసీ కాలువ కింది ఊరు. చిన్నప్పుడు జానెడు వెడల్పు మడిగట్టు మీద నెత్తిన గడ్డిమోపు పెట్టుకొని పరుగెత్తిన మనిషి. ఆ చెక్క మీద మూడడుగులు వేసి, నాలుగో అడుగుకు పక్కకు ఒరిగి గోడ పట్టుకున్నారు. మళ్లీ వేయమంటే విసుక్కున్నారు.

ఆ పరీక్ష నేర్చుకోండి. దానికి పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. గీత మీద నడవలేకపోవడం, మాట తడబడటం, అయోమయం, ఉన్నట్టుండి చిరాకు, పిలిచినా లేవలేని మత్తు, వీటిలో ఏది కనిపించినా అది మెదడు వాపు అనుకొని ఆ నిమిషమే దిగడం మొదలుపెట్టాలి.

చీకటి పడింది, చలి ఉంది. తెల్లవారేదాకా ఆగవచ్చా?

మాలోనూ ఒకరు ఇదే అన్నారు. గైడు ఒప్పుకోలేదు. మెదడు వాపు గంటల్లో స్పృహ తప్పిస్తుంది. అప్పుడు నడిపించలేం, మోయాలి. దారి భద్రంగా ఉంటే రాత్రయినా సరే దిగాలి. మంచుతుపానో, దారి తెగిపోవడమో అయితే ఆక్సిజన్ పెట్టి, గాలి నింపి ఒత్తిడి పెంచే సంచి ఉంటే అందులో పడుకోబెట్టి, వీలు చిక్కగానే దించాలి.

మేము వెళ్లేముందు డాక్టరు రాసిచ్చిన డెక్సామెథాసోన్, అంటే మెదడు వాపు తగ్గించే మందు, సంచిలో ఉంది. ఆయన చెప్పిన ప్రకారమే 8 మిల్లీగ్రాములు వేశాం. తర్వాత ఆరు గంటలకోసారి 4 చొప్పున. టార్చిలైట్లు పట్టుకొని, చెరో పక్క ఒకరు పట్టుకొని ఫెరిచేకు దిగాం. లోబుచే కంటే అది సుమారు 570 మీటర్లు కింద. 1973 నుంచి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యకేంద్రం అక్కడ ఉంది. నడక రోజుల్లో డాక్టర్లు ఉంటారు. దారి సగంలో మామ ఆగి, “మనం ఎక్కడికి పోతున్నాం?” అని అడిగారు. ఫెరిచే చేరేసరికి ఆ ప్రశ్న మానేశారు. ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు ఇంకా కిందికి దింపాం. ఆ సాయంత్రం సంగతి ఆయనకు ఇప్పటికీ ఒక్క ముక్క గుర్తులేదు.

మామూలుగా 300 నుంచి వెయ్యి మీటర్లు దిగేసరికి తేడా తెలుస్తుంది. ఎన్ని మీటర్లు అని లెక్క పెట్టుకోకుండా, మనిషి తేరుకునేదాకా దిగండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారిని మాత్రం వీలైనంతవరకు నడిపించకండి. శ్రమ, చలి రెండూ దాన్ని ముదరబెడతాయి. గుర్రమో, మోసేవారో, హెలికాప్టరో చూడండి, వెచ్చగా కప్పండి.

జబ్బుపడిన మనిషి బాగానే ఉన్నానంటే మేమెలా దించగలం?

బాగానే ఉన్నానని అనడమే జబ్బు లక్షణం కావచ్చు. మామకు డింగ్‌బోచేలోనే తలనొప్పి మొదలైంది. రెండు రోజులు దాచారు. తర్వాత అడిగితే, “ఇంత డబ్బు పోసి వచ్చాం, నా ఒక్కడి వల్ల ఆరుగురు వెనక్కి తిరగాలా?” అన్నారు. మన దగ్గర ఇది మంచితనం. పెళ్లిలో జ్వరం ఉన్నా చెప్పకుండా తిరిగే ఆడవాళ్లు, సేద్యం రోజుల్లో నొప్పి దాచుకునే మగవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ ఎత్తులో అదే మంచితనం ప్రాణం తీస్తుంది. అందుకే ఇప్పుడు మా బృందం బయలుదేరే ముందే మూడు విషయాలు ఒప్పుకుంటుంది. పొద్దున, సాయంత్రం ప్రతి ఒక్కరూ తలనొప్పి ఉందో లేదో పైకి చెప్పాలి. ఇద్దరిద్దరు జతగా ఒకరినొకరు కనిపెట్టుకోవాలి. దిగమని గైడు, జతగాడు ఇద్దరూ అంటే జబ్బుపడినవారికి వాదించే హక్కు లేదు.

ఒంటరిగా మాత్రం ఎవరినీ కిందికి పంపకండి. ‘నువ్వు మెల్లగా దిగు, మేము చూసి వస్తాం’ అనే మాట ఎవరి నోటా రాకూడదు.

ముందుగా మాత్ర వేసుకుంటే రాదట కదా?

అసిటజోలమైడ్, అందరూ డయామాక్స్ అని పిలిచేది, ముప్పు తగ్గిస్తుంది. శ్వాసను పెంచి శరీరం త్వరగా అలవాటు పడేలా చేస్తుంది. నివారణకు పెద్దవారికి సాధారణంగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్ల కొసల్లో తిమ్మిరి, మూత్రం ఎక్కువగా రావడం, సోడా తాగితే వింత రుచి మామూలే. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి. మాత్ర వేసుకున్నాం కదా అని రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కితే అది కాపాడదు. డెక్సామెథాసోన్ నివారణకు రోజూ మింగే మందు కాదు, ఆపద సమయంలో దిగడానికి తోడుపడేది. పక్కింటివారి దగ్గర మిగిలిన మాత్రలు తీసుకెళ్లకండి.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుందా? వెల్లుల్లి చారు?

కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లే మనవాళ్ల జేబులో కర్పూరం పొట్లం తప్పక ఉంటుంది. వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ చుక్క కూడా పెరగదు. దాన్ని మింగితే విషం. పిల్లలకు అందకుండా ఉంచండి. వెల్లుల్లి చారు నేపాల్ బసల్లో వేడివేడిగా ఇస్తారు, తాగండి, ఒంటికి నీరు చేరుతుంది. జబ్బును ఆపుతుందని నమ్మి నడక కొనసాగించకండి.

చిన్న ఆక్సిజన్ డబ్బాలు, వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు కొనాలా?

చేతిలో పట్టే డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాని మీద పెట్టే డబ్బు ఒక అదనపు రాత్రి బసకు పెట్టండి. ఆక్సిమీటరు పనికొస్తుంది, కానీ అంకెకు భయపడకండి, అంకెను నమ్మి ధైర్యపడకండి. 3,500 మీటర్ల దగ్గర ఆరోగ్యవంతుడికి 85 నుంచి 90 మధ్య కనిపించడం మామూలే. ఇక్కడైతే ఆ అంకెకు ఆసుపత్రికి పరుగెత్తుతాం. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు, గోరింటాకు అంకెను తప్పుగా చూపిస్తాయి. వేలు వెచ్చచేసుకుని, కదలకుండా కూర్చుని చూడండి. తోటివారందరికీ 86 ఉండి మీకొక్కరికే 72 ఉంటే అది హెచ్చరిక. అంకె బాగున్నా మనిషి తూలుతుంటే మనిషినే నమ్మండి.

ప్రయాణం ఎలా అమర్చుకోవాలి?

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండండి. పగలు ఇంకా పైకి నడిచి, రాత్రికి కిందికి వచ్చి పడుకోవచ్చు.

లేహ్‌కు విమానంలో వెళ్తే కొద్ది గంటల్లో మూడు వేల మీటర్లకు మించి పైకి చేరినట్టే. మొదటి రెండు రోజులు గదిలో, వీధిలో మెల్లగా గడపండి. రెండోరోజే ఖర్దుంగ్‌లా అనే ఎత్తైన కనుమ ఎక్కించే ప్యాకేజీలు వద్దు. సమయం ఉంటే శ్రీనగర్, కార్గిల్ మీదుగా రోడ్డు దారి శరీరానికి కాస్త మేలు. మన రైలు ఢిల్లీ దాకా తీసుకెళ్తుంది కానీ, రైల్లో గడిచిన రోజులు ఎత్తుకు అలవాటు పడటం కింద రావు.

కేదార్‌నాథ్ సంగతి వేరు. గౌరీకుండ్ రెండు వేల మీటర్ల లోపు, గుడి 3,583 మీటర్లు. ఒక్కరోజులో పదహారు వందల మీటర్లు పైకి, అదీ ఉపవాసంతో, వానలో. హెలికాప్టరైతే నిమిషాలే. తలనొప్పి, వికారం మొదలైతే దర్శనం అయ్యాక అక్కడ రాత్రి ఉండాలని పట్టుపట్టకండి. దర్శనం కాకముందే ఆయాసం మొదలైతే దర్శనం మానేసైనా దిగండి. స్వామి వచ్చే ఏడూ అక్కడే ఉంటాడు.

ఏమి తినాలి, ఎంత నీరు తాగాలి?

ఆకలి చచ్చిపోతుంది, అయినా కొద్దికొద్దిగా తినాలి. అన్నం, రొట్టె, బంగాళాదుంప వంటివి మేలు. మేము బొరుగులు, వేరుశనగ ముద్దలు తీసుకెళ్తాం, మాట్లాడకుండానే సంచి ఖాళీ అవుతుంది. నీరు మూత్రం లేత పసుపు రంగులో వచ్చేంత తాగితే చాలు. బలవంతంగా లీటర్లకు లీటర్లు పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి, ఎత్తు జబ్బులాగే తలనొప్పి, అయోమయం వస్తాయి. మద్యం, నిద్రమాత్రలు వద్దు.

బీపీ, షుగర్ ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు?

బీపీ అదుపులో ఉంటే చాలామంది వెళ్లగలరు. మాత్రలు మానకూడదు. గుండెజబ్బు ఉన్నవారు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు పరీక్ష చేయించుకోకుండా టికెట్ కొనవద్దు. షుగర్ ఉన్నవారు ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి. ఎత్తులో, చలిలో గ్లూకోమీటర్ అంకె తప్పవచ్చు. గర్భిణులు ఈ ఎత్తులకు వెళ్లకపోవడమే మంచిది. అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. దాన్ని తెలిసినవారితో సంతకం పెట్టించుకునే కాగితంలా చూడకండి, నిజంగా పరీక్ష చేయించుకోండి. మాటలు రాని పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. ఊరకే ఏడుస్తున్నా, పాలు తాగకపోయినా, ఆట మానేసినా దిగండి.

బీమా అవసరమా?

అవసరం. పాలసీలో ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో, హెలికాప్టరు ఖర్చు ఇస్తారో లేదో చదివి చూసుకోండి. మామూలు ఆరోగ్య బీమాలో ఇవి ఉంటాయని అనుకోవద్దు. మన దేశంలో ఆపదకు 112 నంబరు. ఆ కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి దారిలో వైద్యకేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే కాగితం మీద రాసుకోండి.

ఒకసారి జబ్బుపడినవారు మళ్లీ వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, కానీ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారు డాక్టరుతో మాట్లాడి, మందు వెంట ఉంచుకొని, మిగతావారి కంటే మెల్లగా ఎక్కాలి. ఇంటికి వచ్చాక కూడా ఆయాసం, దగ్గు తగ్గకపోతే పరీక్ష చేయించుకోండి. నెల తర్వాత మళ్లీ వెళ్తుంటే పోయినసారి అలవాటు ఇంకా ఉందని అనుకోకండి, అది కొద్ది వారాల్లో పోతుంది.

మామ రెండేళ్లకు మళ్లీ అదే దారిలో వెళ్లారు. డింగ్‌బోచేలో మూడు రాత్రులు ఉన్నారు. రెండో రాత్రి గడిచిన పొద్దున ఆయన జతగాడు అడిగితే, “కాస్త తలనొప్పి ఉంది” అని అందరి ముందు గట్టిగా చెప్పి, ఇంకో రోజు ఆగారు.